మామయ్య కాలికింది డబ్బా

నా చిన్నప్పుడు నేను ఎలక్ట్రిక్ గిటార్ తీగ మీటితే ఫిల్మ్ నగర్ ఎత్తు మీద షూటింగ్ వ్యాన్లు వరసగా ఆగిపోయేవి. డ్రైవర్లు కిందికి దిగి, తలుపులకు ఆనుకుని, పాట అయ్యేదాకా కదిలేవారు కారు. అప్పటికి ఆ చోటు సగం బండరాళ్లు, సగం కొత్త పునాదులు. అడ్డంగా మేడలు లేవు కాబట్టి మోత చాలా దూరం పోయేది.

నేను వాయించేది మా మేనమామ ఇంట్లో. ఆయన షేక్‌పేటలో పుట్టి పెరిగిన మనిషి. ఫిల్మ్ నగర్ అంచున రెండు గదులు కిరాయికి తీసుకుని, పెళ్లి ఆర్కెస్ట్రాల్లోనూ, దొరికినప్పుడు రికార్డింగుల్లోనూ బేస్ గిటార్ వాయించేవాడు. బేస్ అంటే నాలుగు లావు తీగల గిటార్. పాట వినేవాళ్లు దాన్ని పట్టించుకోరు, తీసేస్తే మాత్రం పాట కూలబడుతుంది. ఆయన దగ్గర మామూలు గిటార్ కూడా ఒకటి పాతది ఉండేది. దాన్ని నా ఒళ్లో పెట్టి, బడి లేని రోజుల్లో నేర్పేవాడు.

నా గిటార్‌కూ స్పీకర్‌కూ మధ్య నేల మీద ఒక ఇనప డబ్బా ఉండేది. సబ్బుపెట్టెకంటే కాస్త పెద్దది. కాలితో నొక్కితే చిన్న ఎర్ర దీపం వెలిగేది. అదేమిటని అడిగితే మామయ్య, "కరెంటు కొట్టకుండ పెట్టిందిరా. దాని జోలికి పోకు" అన్నాడు. మేనమామ మాట, ఎందుకు నమ్మను?

ఆ గదిలో నా స్వరాలన్నీ ఒకే ఎత్తున, ఒకే బరువున నడిచేవి. మీటి వదిలేసినా స్వరం వెంటనే చచ్చిపోకుండా గాలిలో నిలబడేది. "ఏం చెయ్యిరా నీది" అని మామయ్య వంటింట్లోంచి అత్తయ్యను పిలిచి మరీ వినిపించేవాడు. ఆ మాట నేను చెప్పుకోని మనిషి మా వీధిలో లేడు.

వ్యాన్ల సంగతి ఇక్కడే ఒప్పుకుంటాను. ఆగింది ఒక్కటే. దాని టైరు పంక్చరైంది. డ్రైవరు నా పాట విన్నాడో లేదో తెలియదు, జాకీ ఎక్కడ దొరుకుతుందని మాత్రం అడిగాడు.

అలా ఉండగా, మద్రాసు నుంచి ఒక సంగీత దర్శకుడి సహాయకుడు వచ్చి ఇక్కడి వాద్యగాళ్లను విని చూస్తున్నాడని కబురొచ్చింది. ఇకమీదట కొన్ని పాటలు ఇక్కడే రికార్డు చేస్తారట. మామయ్య నన్నూ తీసుకెళ్తానన్నాడు. సినిమా పాటలో నా గిటార్, టాకీసులో మా బడి పిల్లలంతా నోళ్లు తెరుచుకుని వినడం, ఇవి తలచుకుంటూ అన్నం కూడా సరిగ్గా తినలేదు.

ఆ రోజు రికార్డింగ్ హాల్లో వందమంది ఉన్నారని మా మనవలకు చెబుతుంటాను. నలుగురున్నారు. అందులో ఒకాయన టీ ఇచ్చి వెళ్లిపోయాడు. మామయ్య సంచిలోంచి డబ్బా తీసి తన బేస్‌కు తగిలించుకున్నాడు. నా గిటార్ వైరును నేరుగా స్పీకర్‌లోకి గుచ్చాడు. "మామా, డబ్బా?" అన్నాను. "గీడ కరెంటు మంచిగుంటది. నీకెందుకు, వాయించు" అన్నాడు నా వైపు చూడకుండా.

మొదటి మీటుకే గిటార్ కుక్కలా మొరిగింది. బెదిరి చెయ్యి తేలిక చేస్తే తర్వాతి స్వరాలు అసలు వినబడలేదు. ఒకటి పిడుగు, రెండోది గుసగుస, మూడోది మధ్యలోనే చచ్చిపోయింది. పక్కన మామయ్య బేస్ మాత్రం గుండ్రంగా, నిబ్బరంగా సాగిపోతోంది. తల వంచి చూశాను. ఆయన బూటు పక్కన ఎర్ర దీపం వెలుగుతోంది. నా చేతి పనితనం అనుకున్నదంతా ఇన్నాళ్లూ ఆ డబ్బాదని అప్పుడు తెలిసింది.

మద్రాసు ఆయన నెమ్మదిగా, "బాబూ, తీగ మీటుతున్నావా, ఎవరి మీదైనా కోపం తీర్చుకుంటున్నావా?" అన్నాడు. తర్వాత మామయ్యతో, "మీరు రేపు రండి. అబ్బాయికి ఇంకా టైముంది లెండి" అన్నాడు. తిరిగొచ్చేటప్పుడు స్కూటర్ మీద నేను మామయ్య నడుం పట్టుకోలేదు, వెనక చక్రం మీది స్టెప్నీ పట్టుకుని కూర్చున్నాను. ఇంటికొచ్చాక ఆయన అన్నది ఒక్క మాటే. "ఇగ డబ్బా లేకుండ వాయించు."

ఆ డబ్బాను కంప్రెసర్ అంటారని తర్వాత తెలుసుకున్నాను. ఫ్రిజ్ బాగుచేసేవాడు చెప్పే కంప్రెసర్ కాదు. బియ్యం కొలిచేటప్పుడు కుంచం మీద గోపురంగా లేచిన గింజల్ని అరచేత్తో చదును చేస్తారే, అలా ఇది గట్టి స్వరాల తల నొక్కుతుంది. ఆపైన మొత్తాన్ని పైకెత్తుతుంది, కాబట్టి కింద దాక్కున్న మెత్తని స్వరాలూ వినబడతాయి. మంచి చేతికి అందం ఇస్తుంది. చెడ్డ చేతిని దాచిపెడుతుంది.

కోపంతోనే సాధన చేశాను. ఉత్త తీగల మీద, వేళ్లు కాయలు కాసేదాకా. స్వరాలు సమానంగా నడవడానికి చాలా కాలం పట్టింది కానీ, ఆ చేతితోనే ఆర్కెస్ట్రాల్లో ఇల్లు గడుపుకున్నాను. నా దగ్గర నేర్చుకునే పిల్లలకు ఇప్పటికీ మొదట్లో ఇలాంటి కాలి డబ్బా ఏదీ ముట్టనివ్వను. మామయ్య నన్ను మోసం చేశాడన్న మంట చాలా ఏళ్లు ఉంది. తర్వాత, కావాలనే డబ్బా తీసి నాకు పాఠం నేర్పాడని సర్దుకున్నాను. అయినా ఎవరైనా నా వాయింపును మెచ్చుకుంటే, ముందు వాళ్ల ముఖం కాదు, నా కాళ్ల దగ్గర నేల చూస్తాను.

మొన్న అత్తయ్యను చూడడానికి వెళ్లినప్పుడు ఇదంతా ఇలాగే చెప్పాను. మామయ్య పోయాక ఆయన గురించి మంచి మాటలు చెప్పుకోవడం మా ఇద్దరికీ అలవాటు. డబ్బా తీసేసింది నా మేలు కోరే అనేసరికి, చిక్కుడుకాయలు వొలుస్తున్న అత్తయ్య చెయ్యి ఆగింది.

"మేలు లేదు, ఏం లేదు. గా దినం పొద్దుగాల్నుంచి మీ మామకు చేతులు వణుకుతుండె. డబ్బా ఒక్కటే ఉండె. నువ్వు తప్పు వాయిస్తే పిల్లగాడని నవ్వి ఊకుంటరు. ఆయన తప్పు వాయిస్తే మల్ల పిలువరు. గందుకే నీ కాడ గుంజుకున్నడు. పాఠం నువ్వు పుట్టిచ్చుకున్నవ్ గని, ఆయన నేర్పలే."