తేడా కనపడకపోతే

ప్రొద్దుటూరు కాలేజీలో మా స్టాటిస్టిక్స్ మేడం ఏ మాటైనా తేల్చి చెప్పే ముందు కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకునేవారు. కొత్తగా లెక్చరరుగా చేరిన నాకు అదో చాదస్తంగా తోచేది.

పులివెందుల వైపు చీనీ, అంటే బత్తాయి, తోటల్లో డ్రిప్పు సేద్యం మీద జరిగిన మూడు పరిశోధనల ఫలితాలను ఒకసారి ఇద్దరం కలపబోయాం. కలిపే ముందు వాటి మధ్య తేడాలున్నాయేమో పరీక్షించాను. ఏమీ కనపడలేదు.

"మూడూ ఒగటే మేడం, కలిపేద్దాం," అన్నాను.

మేడం అద్దాలు తుడిచారు. "మూడే గదప్పా చూసింది. ఇంత తక్కువుంటే ఆ పరీక్షకు చూపు ఆనదు. తేడా కనపడలేదంటే లేదని గాదు."

ఆ ఏడే జమ్మలమడుగులో ఆమెతో ఉండే అక్క చనిపోయింది. పెళ్లిళ్లు చేసుకోని ఆ ఇద్దరికీ వేరే ఎవరూ లేరు. సమాధి కార్యక్రమం అయిన వారానికి మేడం ఎప్పటిలాగే ఇస్త్రీ చీరలో వచ్చి, స్టాఫ్‌రూములో తన మూలనే కూర్చున్నారు. ధైర్యం చెబుదామని దగ్గరికి వెళ్లాను.

"మీలో ఏం తేడా కనపడలేదు మేడం. గట్టిగా ఉండారు."

అద్దాలు తీశారు గానీ తుడవలేదు.

"నువ్వు నన్ను చూసేది ఈడే గదప్పా."

క్యారియరు విప్పి, చిత్రాన్నం ఉన్న గిన్నె ఒకటి నా వైపు జరిపారు.

"తిను. ఇంగా ఇద్దరికే వండుతాండా."