పొట్టేలుకు పొడిచిన ఆరు సూదులు

తొమ్మిదేండ్లుగా ఒక అబద్ధం మోస్తాండా. ఇంక నాతో కాదప్పా. నువ్వు నన్ను ఎరగవు, అదే మేలు. ఇంట్లో మనిషికి చెప్పలేనిది నీకు చెప్తాండా.

మాది తొండూరు పక్క పల్లె. గొర్లు మేపుకునేటోళ్లం. ఆ ఏడు నా పెండ్లాం కాలికి సర్కారు తుమ్మ ముల్లు దిగింది. ఆమెకు చక్కెర జబ్బు. కాలు వాచి, చీము పట్టి, జరమొస్తే ప్రొద్దుటూరికి తీసకపోయినా. డాక్టరు సెఫ్ట్రియాక్సోన్ సూదులు రాసినాడు. తెల్ల పొడి సీసాలు, నీళ్లు కలిపి ఎక్కించేవి. దినానికి రెండు, ఏడు దినాలు. ఒక్కటి గూడా తప్పొద్దని నా మొగం చూసి మరీ చెప్పినాడు.

మా తట్టు అందరూ చేసేదే మేమూ చేసినాం. సీసాలు ఇంటికి తెచ్చుకొని, తొండూరులో సూదులేసే ఓబులేసు దగ్గర ఏయించుకున్యాం. నాలుగు దినాలకు జరం పాయ. వాపు తీసింది. ఆమె లేచి సంగటి గూడా కెలికింది.

అదే వారం నా పొట్టేలు పడింది. ముక్కులో చీమిడి, ఊపిరాడక ఒకటే ఎగరొప్పు. మందలో దాన్ని మించింది లేదు. పశువుల డాక్టరు రాసింది గూడా ఆ తెల్ల పొడి మందే. పులివెందులకు పోయి తేవచ్చు. ఇంట్లో ఆరు సీసాలుండాయి గదా, పొయ్యేదెందుకు అనుకున్యా. బద్ధకమా? ఆశా? ఆమెకు నయమైందని నమ్మినానా, నమ్మినట్టు నాకు నేనే చెప్పుకున్యానా? ఇన్నేండ్లుగా అడుక్కుంటాండా, తెగలా. ఆమెతో, ఇంక చాలని ఓబులేసు చెప్పినాడంటి. ఓబులేసుతో, జమ్మలమడుగులో పుట్టింటికి పోయింది, ఆడ ఏయించుకుంటాదంటి. ఆరు సూదులూ నా చేత్తోనే పొట్టేలుకు పొడిచినా. మూడు దినాలకు అది లేచి మేసింది.

పది దినాలకు ఆమె కాలు నల్లబడింది. మోకాలి కింద తీసేసినారు. సూదులు మధ్యలో ఎందుకు నిలిపినారని డాక్టరు అరిస్తే, ఆమె ఓబులేసు పేరు చెప్పింది. నేను పక్కనే ఉండా.

ఆమె అన్నదమ్ములు ఓబులేసు మీదికి పోయినారు, నన్ను గూడా తోడుకొని. వాడు నా తట్టు తిరిగినాడు.

"మామా, నేను చాలన్యానా? పుట్టింటికి పోయిందని నువ్వే గదా చెప్తివి?"

"చాలని నువ్వే అన్యావు," అంటి. వాని కండ్లలోకి చూసే అంటి.

వాని చొక్కా చింపినారు. బీరువాలో మందులన్నీ రోడ్డు మీద పోసినారు. మళ్లా ఎవరూ సూదికి వాని దగ్గరికి పోలా. ఇప్పుడు చిలమకూరు తట్టు లారీలకు మూటలెత్తుతాండాడంట. థూ, నా బతుకు!

ఆమెకు చెప్తే ఏమైతాది? నన్నిడిసి పోతాదేమో. కాలు లేని మనిషి యాడికి పోతాదిలే అని గూడా ఒకోసారి అనుకుంటా, అనుకున్యాక నా మీద నాకే రోత పుడతాది. పొద్దున గూడా ఆమె కట్టెకాలు తగిలించుకుంటా, ఆ ఓబులేసు నాశనమైపోను అని తిట్టె. నేను కింద కూచోని పట్టీ బిగిస్తా, ఊ అంటి.

ఓబులేసు చాలనలేదప్పా. చాలన్నది నేను.