ఏడు మాటలకు ఒకే గొంతు

మా సంఘంలో శుభ శుక్రవారం ఆరాధన ఒకప్పుడు ఏడుగురి చేతుల్లో ఉండేది. ప్రభువు సిలువ మీద పలికిన మాటలు ఏడు కనుక, ఒక్కొక్క మాటను ఒక్కొక్కరు ధ్యానించి చెప్పేవారు. ఆ ఏడుగురిలో బోధకుడు ఉండేవాడు కాదు. ఆయన ప్రార్థనతో ఆరంభించి, ఆశీర్వాదంతో ముగించి, మధ్యలో అందరిలాగే బల్ల మీద కూర్చుని వినేవాడు. రాజోలు చుట్టుపక్కల చాలా సంఘాల్లో ఇదే పద్ధతి. మా ఊళ్లో ఆ మాటలను పంచే బాధ్యత సంఘపెద్దగా నాది.

నేను నీటిపారుదల శాఖలో గుమాస్తాగా పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. కాలువలో ఏ పూట ఎంత నీరు పారిందో రాసిపెట్టడమే నా ఉద్యోగం. ఆ అలవాటునే సంఘానికీ తెచ్చాను. ఏ సంవత్సరం ఎవరు ఏ మాట చెప్పారో నా దగ్గర రాసి ఉంది. ఒకసారి చెప్పినవారికి మళ్లీ కొన్నేళ్ల దాకా ఇవ్వకూడదు. ఏటా ఏడుగురిలో ఒక్కరైనా అంతకుముందు ఎన్నడూ సంఘం ఎదుట నోరు తెరవనివారై ఉండాలి. ఇది నా నియమం. రాసి పెట్టుకోకపోతే నియమం నిలవదు. బాగా మాట్లాడేవాళ్లే ఏటా ముందుకొస్తారు, తక్కినవాళ్లు బల్లలకు అంటుకుపోతారు.

కొబ్బరి దింపు తీసే ఒకాయనకు ఒక ఏడాది ఐదో మాట, అంటే ప్రభువు దాహమన్న మాట, ఇచ్చాను. ఆయన లేచి, మైకును రెండు చేతులా పట్టుకుని, "చెట్టు దిగేతలికి నాకు దాహమేస్తదండి. ఎవరో ఒకరు బొండాం కొట్టి ఇత్తారండి. ఆయనకి పులిసిపోయిన చిరకిచ్చేరండి. అంతేనండి" అని కూర్చున్నాడు. తర్వాత వాళ్ల వీధిలో గృహకూడిక పెట్టి నడిపినవాడు ఆయనే. మా స్త్రీల సమాజానికి నాయకురాళ్లు, ఆదివారపు బడికి ఉపాధ్యాయులు, కోశాధికారులు, అందరూ మొదట ఆ శుక్రవారం మధ్యాహ్నం వణుకుతూ నిలబడినవారే. సంఘం పెరగడమంటే నాకు తెలిసింది అదే.

ఇప్పటి బోధకుడు వచ్చాక కూడా సంఘం పెరిగింది. ఆ సంగతి నేను దాచను. రేకుల షెడ్డు దక్షిణం వైపు పొడిగించాం, ముందు పెద్ద తెర బిగించాం, కెమెరాలు వచ్చాయి. పక్క ఊళ్ల నుంచి ఆటోల్లో దిగే జనానికి బల్లలు చాలక ప్లాస్టిక్ కుర్చీలు కొన్నాం. ఆ ఊళ్లలోని చిన్న ప్రార్థన మందిరాలకు తాళాలు పడ్డాయని మాత్రం మా కమిటీలో ఎవరూ ఎత్తలేదు. నేను ఎత్తితే, "గొర్రెలు పచ్చిక ఉన్నచోటికి వస్తాయండి" అని బోధకుడే నవ్వారు. పాత బోధకుణ్ణి మేము అయ్యగారు అనేవాళ్లం. ఈయన్ను దైవజనులు అనాలని ఆయన రాకముందే ఫ్లెక్సీలు చెప్పాయి.

నిరుడు, ఈస్టరుకు ముందు వచ్చే నలభై శ్రమదినాలు మొదలైన వారంలోనే మాటలు పంచడానికి ఇళ్లకు తిరిగాను. మూడో మాట, అంటే తల్లిని శిష్యుడికీ శిష్యుణ్ణి తల్లికీ అప్పగించిన మాట, ఎవరికివ్వాలా అని ఆలోచించి, మా వీధి చివర ఉండే ఒక ఆమె దగ్గరికి వెళ్లాను. ఆమె కువైట్‌లో చాలా ఏళ్లు ఇంటిపని చేసి తిరిగొచ్చింది. వరసకు మాకు కూతురు. సంఘానికి వచ్చి చివరి బల్ల మీద కూర్చుని, ఆశీర్వాదం కాగానే వెళ్లిపోయేది.

"నేనాండీ? బాబాయిగారండీ, ఎండకి గాని తిరిగొచ్చేరా ఏంటండీ?" అంది.

"తిరిగే వచ్చాను. నీకే ఇస్తున్నాను."

"నాకు అరబ్బీలో తిట్లు వచ్చండి, ప్రసంగాలు రావండి."

"తిట్లు శనివారం చెబుదువుగాని. శుక్రవారం ఇది చెప్పు."

నవ్వేసి, రెండు రోజులు గడువడిగి, మూడో రోజు సాయంత్రం మా అరుగు మీదికి వచ్చింది. నా భార్య ఎదుట కూర్చుని మెల్లగా చెప్పడం మొదలుపెట్టింది. పాలు మరవని కూతుర్ని తన తల్లి దగ్గర వదిలి వెళ్లిందట. అక్కడ ఒక పసివాణ్ణి ఎత్తుకుని పెంచితే వాడు మొదట అమ్మా అని పిలిచింది ఈమెనే. ఇక్కడ కూతురు అమ్మమ్మను అమ్మా అని, ఫోనులో కనిపించే ఈమెను "కువైట్ అమ్మా" అని పిలిచేది. తల్లి పోయినప్పుడు సెలవు దొరకలేదు. సమాధి చేస్తుంటే ఆ పిల్లే ఫోను ఎత్తి పట్టుకుని, "కువైట్ అమ్మా, కనపడతందా?" అని అడిగింది.

"కనపడతందమ్మా అన్నానండి. ఏం కనపడలేదండి, పిన్నిగారండీ. కళ్లనిండా నీళ్లండి. ఆయన సిలువ మీద ఉండి కూడా అమ్మని ఒకళ్లకి అప్పజెప్పేడు. నేను మా అమ్మకి నా పిల్లనప్పజెప్పేను గాని, మా అమ్మనెవరికీ అప్పజెప్పలేదండి. ఆ పదేళ్ల పిల్లే చూసుకుందండి మా అమ్మని."

నా భార్య కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఇలాగే చెప్పవే అమ్మా. ఒక్క ముక్క మార్చకు" అంది.

ఆ తరువాత ఆమె వారం వారం వచ్చి మా అరుగు మీద చెప్పుకునేది. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు పూడుకుపోతోందో నా భార్య చూసేది. తెల్లచీర కొనుక్కుంది. చివరి బల్ల వదిలి మధ్య బల్లకు వచ్చింది. స్త్రీల ఉపవాస కూటంలో ఒకనాడు తానంతట తానే లేచి ప్రార్థన చేసిందని విని, నాకు పంట మీద మొదటి వెన్ను చూసినంత సంతోషం కలిగింది.

ఇది బోధకుడి చెవిన పడింది. "ఆమె ఏం చెప్తారో ఒకసారి వింటానండి, పెద్దయ్యగారూ. క్రమంగా ఉండాలి గదండీ" అన్నారు. నా భార్యను తోడిచ్చి పంపాను. మందిరం పక్క గదిలో ఆమె మొత్తం చెప్పిందట. ఆయన కళ్లు మూసుకుని విని, "చాలా బాగుందమ్మా. దేవుడు వాడుకుంటాడు" అన్నారట.

శుభ శుక్రవారానికి ముందు వచ్చే మట్టల ఆదివారం, ఆరాధన తరువాత కమిటీ కూర్చుంది. ఏడుగురి పేర్లూ చదివి వినిపించబోతుండగా బోధకుడు చేయెత్తారు.

"ఈసారి ఏడు మాటలూ నేనే చెప్తున్నానండి. లైవ్ వెళ్తందండి. దుబాయి నుంచి, కువైట్ నుంచి మనవాళ్లు చూస్తారు. ఒకరు తడబడి, ఒకరు గొణిగి, ఒకరు మైకు వదలక... బాగోదండి."

"తడబడేవాళ్ల కోసమే ఆ ఆరాధన పెట్టుకున్నామండి" అన్నాను. "ఏడుగురూ శ్రమదినాలంతా సిద్ధపడ్డారు. ఇప్పుడు వద్దంటే, వాళ్లకు ఏమి చెప్పినట్టు?"

కోశాధికారి, నా కళ్ల ముందు పెరిగినవాడే, పక్కవాణ్ణి మోచేత్తో పొడిచి, "బాబాయిగారిది కాలువ లెక్కండి. మాటలు కూడా వంతులవారీగా వదలాలంటారు" అన్నాడు. అందరూ నవ్వారు.

"వంతు తీసేస్తే శివారు చేలు ఎండుతాయిరా. నువ్వు కూడా వంతులోనే వచ్చావు. పక్క సిలువ మీది దొంగతో ప్రభువన్న రెండో మాట చెప్పి, ఆ దొంగ పేరు మరిచిపోయావని ఏడ్చావు" అన్నాను.

"దొంగకి పేరు లేదు గదండీ, బాబాయిగారూ."

"లేదని కూడా నీకు ఆవేళ తెలియలేదు."

మళ్లీ నవ్వారు. ఆ నవ్వుల్లోనే తీర్మానం అయిపోయింది. నా అసమ్మతిని తీర్మానం కింద రాయమన్నాను. రాశారు. రాసినంత మాత్రాన ఏదీ ఆగదని ఈ వయసులో నాకు మళ్లీ తెలిసింది.

ఆమెకు నేనే వెళ్లి చెప్పాను. "పోన్లెండి, బాబాయిగారండీ. నాకూ కాళ్లు వణుకుతున్నాయండి" అని టీ ఇచ్చింది. టీలో పంచదార వేయడం మరిచిపోయింది. నేను అడగలేదు.

శుభ శుక్రవారం మందిరం కిక్కిరిసింది. ఆమె తెల్లచీర కట్టుకుని, కూతురితో నా భార్య పక్కన కూర్చుంది. మొదటి రెండు మాటలూ గడిచాయి. మూడో మాటకు బోధకుడు గొంతు తగ్గించి, "నాకు తెలిసిన ఒక సహోదరి" అని ఆరంభించారు. కువైట్, పసివాడు, ఫోనులో తల్లి, సమాధి. ఆమె ఆగినచోటే ఆగారు. పిల్ల గొంతును అనుకరించి, "కువైట్ అమ్మా, కనపడతందా?" అన్నారు. కీబోర్డు సన్నగా మోగింది. ఆడవాళ్లు వెక్కి వెక్కి ఏడ్చారు. ఎక్కడెక్కడి నుంచో "ఆమెన్" అన్నారు. ఆమె ఏడవలేదు. కూతురు తల దించుకుంది. ఇద్దరి మధ్యా నా భార్య చెయ్యి ఉంది.

ఆశీర్వాదం కాగానే నేను పక్క గదికి వెళ్లాను. బోధకుడు చెమట తుడుచుకుంటున్నారు.

"ఆ మాట ఆమెది" అన్నాను.

"ఆమె పేరు చెప్పలేదు గదండీ. పరువుగానే చెప్పేను."

"పేరు చెప్పకపోవడమే నేనంటున్నది. ఆమె నోటితో చెప్పవలసింది మీరు చెప్పారు."

"ఎంతమంది ఏడ్చేరో చూసేరా, పెద్దయ్యగారూ? ఆమె చెప్తే ఇంతమందికి చేరేదాండీ? మహిమ దేవుడిది. నీది నాది అనేది శరీరపు బుద్ధి."

దైవజనులనే మాట తనకు వద్దని ఆయన ఒక్కనాడూ అన్న గుర్తు నాకు లేదు. ఆ సంగతీ చెప్పి వచ్చేశాను.

కొన్ని నెలల తరువాత స్త్రీల సమాజంలో సాక్ష్యాల సమయం వచ్చింది. నా భార్య బలవంతం మీద ఆమె లేచి, తన కథ తాను మొదలుపెట్టింది. రెండు వాక్యాలైనా కాకముందే, పక్క ఊరి నుంచి కొత్తగా మా సంఘంలో చేరిన ఒకామె అందుకుంది.

"ఇది మన దైవజనులు చెప్పిందే గదండీ, అక్కా! వీడియోలో ఉందండి. నేను మా ఆడబడుచుకి కూడా పంపేను. వేరే సాక్ష్యం చెప్పండి."

కల్మషం లేకుండానే అంది. ఆ కథ ఎవరిదో ఆమెకు తెలిసే దారి లేదు. అంత పెద్ద సంఘంలో ఎవరు ఎవరో ఎవరికి తెలుసు? "ఆయ్, అదేనండి" అని ఈమె కూర్చుంది. పాట అందుకోమని తానే సైగ చేసింది. నా భార్య ఇంటికొచ్చి ఆ పూట అన్నం తినలేదు.

ఈ సంవత్సరం శుభ శుక్రవారానికి బోధకుడికి హైదరాబాదులో పెద్ద సభలు వచ్చాయి. మట్టల ఆదివారం నాడు కమిటీకి ఆ సంగతి చెప్పారు. పాత పద్ధతికి ఇదే అదనని నేను ఇల్లిల్లూ తిరిగాను. ఒకప్పుడు మాట చెప్పినవారే, "అంత బాగా మేం చెప్పలేమండి, జనం ఫోన్లు చూసుకుంటారండి" అన్నారు. కొబ్బరి దింపు ఆయన, "ఇప్పుడు స్టేజి మీద లైట్లంటండి, నాకు కళ్లు ఆనవండి" అన్నాడు. ఆయన వీధిలో గృహకూడిక ఎప్పుడో ఆగిపోయింది. ఇప్పుడందరూ మందిరానికే రావాలట. ఏడుగురు కాదు గదా, ఇద్దరైనా దొరకలేదు. ఇంతమంది ఉన్న సంఘంలో!

ఆఖరికి ఆమె దగ్గరికే వెళ్లాను. మూడో మాట నీదే, నువ్వు చెప్పు, ఎవరేమనుకున్నా నేనున్నాను అన్నాను.

ఆమె గుమ్మం కమ్మిని గోటితో గోకింది.

"నాకు ఇంకోటేదైనా జరిగితే చెప్తాలెండి, బాబాయిగారండీ. అది అయిపోయిందండి."

శుక్రవారం మధ్యాహ్నం కమిటీ పాత వీడియోను తెర మీద వేసింది. వేదిక మీద ఎవరూ లేరు. జనం నిరుటికంటే ఎక్కువే ఉన్నారు. రెండో మాట ముగిసి, తెర మీద బోధకుడు గొంతు తగ్గించి "నాకు తెలిసిన ఒక సహోదరి" అనగానే ఆమె లేచింది, కూతురు వెనకే లేచింది. వరసలోవాళ్లు తెర మీది నుంచి కళ్లు తిప్పకుండానే, మోకాళ్లు పక్కకు జరిపి ఇద్దరికీ దారి ఇచ్చారు.