నంబరే పేరుగా ఉన్న ఊరు

పదవీ విరమణకు పది నెలల ముందు, వానలు మొదలయ్యే రోజుల్లో, నన్ను డిప్యూటీ తహసీల్దారుగా అరకు వైపు ఒక మండలానికి వేశారు. కాఫీ తోటల మధ్య హాయిగా గడిపేస్తావని స్నేహితులు ఆటపట్టించారు. చేరిన రెండో వారంలోనే ఢిల్లీ సర్క్యులర్ ఒకటి కలెక్టరు, సబ్ కలెక్టరుల మీదుగా నా బల్ల మీదికొచ్చింది. అనుమానిత విదేశీయుల్ని నెలలోగా గుర్తించి నివేదించాలి.

పొరుగుదేశంలో ప్రభుత్వం కూలింది. పెద్ద దేశమొకటి మనవాళ్లకు సంకెళ్లేసి విమానాల్లో తిప్పి పంపింది. ఇక్కడ టీవీల నిండా చొరబాట్ల గొడవ, ఎన్నికల సభల్లో సవాళ్లు. అదంతా మా దాకా వచ్చేసరికి ఒక ఖాళీ ఫారం అయింది. 'ఎవరూ లేరు' అని రాస్తే పైవాళ్లు ఊరుకోరని తహసీల్దారు ముందే హెచ్చరించారు. చట్టం ప్రకారం తాను విదేశీయుణ్ణి కానని రుజువు చేసుకోవలసింది ఆ మనిషే. మేము అనుమానిస్తే చాలు.

అలా దొరికింది మాలతి. గిరిజన రైతు గాసి భార్య, ఇద్దరు ఆడపిల్లల తల్లి. ఆమె పుట్టింటి భాష బెంగాలీ. పుట్టిన ఊరేదంటే "ఎం.వి. అరవై రెండు" అంది. నంబరు కాదు, ఊరి పేరు చెప్పమంటే మళ్లీ అదే అంది. దాటవేస్తోందనుకుని, 'సరైన చిరునామా చెప్పలేదు' అని రాసి సంతకం చేశాను.

సంగతి తెలిసి, నాలుగు రోజులకు భార్యాభర్తలిద్దరూ ఆఫీసుకొచ్చారు.

"మా తాత తూర్పు బెంగాల్ నుండొస్తే గవర్నమెంటే లారీలో తెచ్చి అడివిలో దించింది బాబూ. ఊరికి పేరెట్టకుండా నంబరెట్టింది కూడా గవర్నమెంటే. ఇప్పుడు నన్నేటి సేత్తారు?" అంది మాలతి.

ఒడిశాలోని మల్కన్‌గిరి దగ్గర శరణార్థుల ఊళ్లకు నంబర్లే పేర్లని, ఎం.వి. అంటే 'మల్కన్‌గిరి విలేజ్' అని ఇన్నేళ్ల సర్వీసులో నేను వినలేదు. నివేదిక అప్పటికే పైకి వెళ్లిపోయింది. ముప్పై రోజుల గడువులోగా రుజువు రాకపోతే ఆమెను పిల్లల నుంచి వేరుచేసి నిర్బంధ కేంద్రానికి పంపుతారు. మల్కన్‌గిరి తహసీల్దారుకు లేఖ రాశాను, రోజూ ఫోన్లు చేశాను. "బేగి సూడండి బాబూ, గుంటలు అమ్మని వదల్డం లేదు" అని గాసి గుమ్మంలో నిలబడేవాడు. అతని ముఖం చూడలేక ఫైళ్లలో తల దూర్చేవాణ్ణి.

గడువుకు రెండు రోజుల ముందు జవాబొచ్చింది. ఊరుంది. ఆమె తాత పేర ప్రభుత్వమిచ్చిన పట్టా ఉంది. తప్పు నాదేనని ఒప్పుకుంటూ సవరణ నివేదిక పంపాను.

మాలతిని ఎవరూ తీసుకుపోలేదు. కానీ ఆ ఫారంలో పేరు చేర్చడానికే గడి ఉంది, తీసేయడానికి లేదు. కొత్త సర్క్యులర్ వచ్చినప్పుడల్లా కానిస్టేబుల్ మొదట గాసి ఇంటికే వెళ్తాడని ఈమధ్య తెలిసింది. పైనుంచి వచ్చే తొందరను నా స్థాయి ఉద్యోగి ఒక్కరోజు ఆపి, ఇంకో ప్రశ్న అడగవచ్చు. ఆ అధికారం నాకుంది. నేను వాడలేదు.