కాంటా ఎల్లేష్

ఘుగ్గుస్ బొగ్గు గనిలో లారీలు తూచే కాంటా దగ్గర ఎల్లేష్ బరువును గట్టిగా పైకి చదువుతాడు. డ్రైవర్లు ఎంత బతిమాలినా చదివిన అంకె మార్చడు. ఆదివారాలు చంద్రపూర్‌లో తన ఇంట్లో పాచికల ఆట ఆడించేటప్పుడూ అంతే. ఆ విదేశీ ఆటలో కథ నడిపేది అతను. ఆడేవాళ్లు ఒక్కొక్కరు ఒక్కో వీరుడి పాత్ర తీసుకుంటారు. ఆ వీరుల చావుబతుకులు తేల్చేది ఇరవై ముఖాల పాచిక. పెద్ద అంకె పడితే బతుకు, ఒకటి పడితే చావు. పాచికను తన ముందు నిలబెట్టుకున్న అట్ట చాటున వేస్తాడు కాబట్టి అతనికి తప్ప ఎవరికీ కనబడదు. చెల్లెలు మాధవి మూడేళ్లుగా ఆడుతున్న వీరవనితకు చనిపోయిన తల్లి పేరు, మల్లవ్వ అని పెట్టుకుంది. వానాకాలంలో ఒకరోజు ఆటలో మల్లవ్వ మీదికి రాక్షసుడు వచ్చాడు. ఎల్లేష్ పాచిక వేసి, "ఒకటి. మల్లవ్వ సచ్చిపోయింది" అన్నాడు.

"అట్ట అడ్డమున్నది గదనే అన్నా, జర ఎక్కువ చెప్తే ఏం పోతుండె?" అంది మాధవి.

"పడ్డదే చెప్పిన."

"జపాన్ కథలల్ల లారీ కింద పడి సచ్చినోడు గూడ ఇంకో లోకంల లేస్తడు. నీ తాన అమ్మ రెండోసారి సచ్చింది."

మాధవి మళ్లీ రాలేదు. ఇప్పుడు ఫోన్‌లో ఆ జపాన్ కథలే చదువుతోందట. ఎల్లేష్ ఆదివారం ఆమె కుర్చీ వేసే ఉంచుతాడు. మొన్న అట్ట నిలబెట్టి, ఒక్కడే కూర్చుని మల్లవ్వ పేరు మీద పాచిక వేశాడు. నాలుగు పడింది. "ఇరవై" అని కాంటా దగ్గరిలాగే గట్టిగా చదివాడు.