ఇన్‌గ్రిడ్ గారి పరామర్శ

2023లో నేను నరసాపురంలో ఒక లేసు ఎగుమతి ఆఫీసులో మోడరేటర్‌ని. మా పల్లెల్లో లేసు అల్లే ఆడవాళ్ళనీ, విదేశాల్లో సరదాకి అల్లుకునేవాళ్ళనీ వారానికోసారి వీడియో కాల్‌లో కలిపి, మాట సాగేలా చూడటం ఆ ఉద్యోగం. అటు మాట ఇటు, ఇటు మాట అటు నేనే చెప్పేదాన్ని. బాగా చెబుతానని కాస్త పొగరు కూడా ఉండేది.

శుక్రవారం కాల్ నార్వేలో ఉండే ఇన్‌గ్రిడ్ గారిది. ఇటు మావాళ్ళు అయిదుగురు. వాళ్ళలో సత్యవతి గారంటే ఆవిడకు ప్రాణం. ఇద్దరూ అరవై దాటినవాళ్ళే. ఇన్‌గ్రిడ్ గారికి పిల్లల్లేరు, భర్త మంచాన పడ్డాడు. "వారం మొత్తంలో నేను మనసు విప్పి మాట్లాడేది మీతోనే" అనేవారు.

ఆ భర్త పోయాడు. మా వాట్సాప్ గ్రూపులో రెండు ముక్కలు రాసి, శుక్రవారం ఎప్పటిలాగే కాల్‌లోకి వచ్చారు. మావాళ్ళు దారం పక్కన పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, తల వంచుకుని కూర్చున్నారు. పరామర్శకు వెళితే మేం చేసేది అదే. ఆవిడ ఆసుపత్రి సంగతులు చెప్పారు, నేను తెలుగులో చెప్పాను. ఎవరూ పెదవి విప్పలేదు. చావింటి నుంచి వచ్చేటప్పుడు వెళ్ళొస్తామని అనకూడదు కదా, అలాగే లేచారు. నేనూ ఏమీ అనకుండానే కాల్ ఆపేశాను. అంతా పద్ధతిగా జరిగిందనుకున్నాను.

మర్నాడు మెయిల్ వచ్చింది. "ఒక్కరైనా ఒక్క మాట అంటారని చూశాను. నా ముఖం చూడటానికి కూడా మీకు ఇష్టం లేకపోయింది. చెప్పకుండా వెళ్ళిపోయారు." అప్పటికే ఆవిడ గ్రూపులో లేరు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, మా ఆచారం వివరిస్తూ మూడు మెయిళ్ళు రాశాను. దేనికీ జవాబు రాలేదు.

"ఆవిడ ఇంకా రావట్లేదేంటండీ?" అని సత్యవతి గారు ప్రతి శుక్రవారం అడిగేవారు. ఒంట్లో బాగాలేదట అని అబద్ధమాడేదాన్ని. నెల గడిచాక ఉండబట్టలేక నిజం చెప్పేశాను.

సత్యవతి గారు చేతిలో దారం పక్కన పెట్టారు.

"ఆవిడ పద్ధతి మాకు తెలీదు, మా పద్ధతి ఆవిడకి తెలీదు. రెండూ తెలిసింది మీరొక్కరే కదండీ. మేం ఏడుస్తున్నామని ఒక్క ముక్క చెప్పలేకపోయారా?"

ఆ దేశాలవాళ్ళతో నాలుగేళ్ళు మాట్లాడినదాన్ని, నాకైనా తట్టలేదు.

ఇప్పుడు మరో చోట ఇదే పని చేస్తున్నాను. ఎవరైనా మౌనంగా ఉంటే, ఎందుకున్నారో కనుక్కుని మరీ అవతలివాళ్ళకు చెబుతాను. సత్యవతి గారు మాత్రం ఆ రోజు తర్వాత కాల్‌కి రాలేదు. నేనూ పిలవలేదు. ఏ మొహం పెట్టుకుని పిలవను?