హాఫ్లిడిని ఎన్నిసార్లు చంపుతావు?

మా స్టెయిన్వోర్ చేపల ఫ్యాక్టరీలో పని చేసుకుంటూ, తన పుస్తకాలు తనే అచ్చు వేయించుకుంటుంది. హత్యలు, దయ్యాలు, ప్రేమలు, ఏదైనా రాసేస్తుంది. మొదటి పాఠకుణ్ణి నేనే. బడి చదువు మధ్యలో మానేసినా, నేను నవ్విన చోట ఐస్‌లాండ్ అంతా నవ్వుతుంది. ఒకసారి ఆమె ప్రేమకథ కాగితాలు గాలికెగిరి సముద్రంలో పడితే తిమింగలాలు చదివి ఏడ్చాయి. ఆ నీళ్లు ఉప్పగా ఉన్నది అందుకే.

క్రిస్మస్‌కి ఇక్కడ అందరూ పుస్తకాలే ఇచ్చుకుంటారు. ఆమె కొత్త పుస్తకం పెట్టెలు ఆలోగా కొండ కనుమ దాటి పట్నం చేరకపోతే ఏడాది కష్టం వృథా. కనుమలో మంచు తోసే బండి హాఫ్లిడిది. అతనేమో ఊరి ఈతకొలను పక్కన, వేడినీళ్ల తొట్టిలో మెడదాకా మునిగి భీష్మించుకు కూర్చున్నాడు.

"హత్య కథలో పొడిపించావు. దయ్యాల కథలో ముంచావు. పేరు మారిస్తే మాత్రం, నా ఎర్రగడ్డం ఊళ్లో ఎవరికి తెలీదు? ఈసారీ చంపితే పెట్టెలు నెత్తిన పెట్టుకుని పో!"

"ఈసారి చంద్రుడి మీద జరిగే కథ హాఫ్లిడీ. అందరూ పోయి నువ్వొక్కడివే మిగులుతావు," అంది స్టెయిన్వోర్.

"ఒట్టు?" అని అతను నావైపు చూశాడు.

"నేను చదివానుగా! చివరి పేజీలో కూడా దుక్కలా ఉంటావు," అన్నాను.

పక్కనే ఉన్న అతని భార్య గుడ్నీ నీళ్లు చిమ్మింది. "అంటే నేనూ పోయానా? మరి ఈయనకి వండిపెట్టేదెవరే? మర్నాటికే ఆకలితో చస్తాడు!"

"నువ్వూరుకో," అంటూ హాఫ్లిడి ఒళ్లంతా ఆవిర్లతో తొట్టిలోంచి లేచాడు. "ఎండుచేపలు తిని బతుకుతాను. స్టెయిన్వోర్, పెట్టెలెక్కడున్నాయి?"